కాళ్ళు చూపియ్

మొన్న ఆయితారం మా దవాఖాన కంపౌండరు ఇంటికొచ్చిండు. మాది చీరలు నేసే ఇల్లు. బిడ్డ పెండ్లికి చీరలు తీసుకుందామని గద్వాలకు వచ్చిండంట. కూసున్నడు, నీళ్ళు తాగిండు, నాలుగు చీరలు ఇప్పిచ్చి చూసిండు, ఒక్కటి గూడ కొనలే. లేవబోతా లేవబోతా అంగి జేబుల నుంచి కవరు తీసిండు.

"పొడుగక్క పోయిందమ్మా. వాళ్ళ తమ్ముడు దవాఖానకు ఉత్తరం రాసిండు. ఆమెను ఎరిగినోళ్ళు ఎవలన్న ఉంటె రెండు మాటలు రాసి పంపుమన్నడు."

రెండు మాటలంట! నాకు సంతకం చేసుడు తప్ప రాసుడు రాదు. ఆ సంతకం గూడ పొడుగక్కతోనే నేర్చుకున్న. తెలుగు అక్షరాలు ఇద్దరం ఒక్క పలక మీదనే దిద్దినం. అందుకే నా సంతకం ఇప్పటికి ఆమె రాసినట్టే పక్కకు ఒరిగి, గాలికి పడిపోయేటట్టు ఉంటది. బ్యాంకోడు నవ్వుతడు.

ఇగ నా బిడ్డను కూసోబెట్టిన. నేను చెప్తున్న, అది రాస్తుంది. రాసుకో బిడ్డా. నడుమల నవ్వకు, అక్షరాలు వంకర పోతయి.

ఆమెకు పేరు లేక కాదు, ఉండె. పలకబోతే నోట్ల వేడి జొన్నగడక పెట్టుకున్నట్టు ఉండేది. మనిషి తాటిచెట్టంత ఉండె, పొడుగక్క అన్నం. పిలిస్తె పలికింది. ఏదో చలిదేశం. ఆడ గూడ దవాఖానల్నే పనిచేసేదంట. ఆర్నెల్లు ఉండి పోత అని వచ్చి మూడేండ్లున్నది. జీతం లేదు, బత్తెం లేదు. వనపర్తి అవతల పెద్దరోగం దవాఖాన, కుష్టు అంటరు గదా, అది. అండ్ల మా పుండ్లు తుడిచి నూనె రాయనీకి అంత దూరం నుంచి ఇమానం ఎక్కి వచ్చింది.

నేను ఆడికి ఎట్ల వడ్డన్నో గూడ చెప్పాలె. ముందు నా మొగడు కామెర్లతోని పోయిండు. ఆ యేడే నా వీపు మీద మచ్చలు తేలినయి, కుడిచెయ్యి రెండు వేళ్ళు వంగినయి, మిగిలిన వేళ్ళకు సోయి లేకుండ పోయింది. రొట్టె పెనం మీద చెయ్యి పెడితే వాసనొచ్చినంక తెలిసేది. మా అత్త నన్ను దవాఖానకు తోలి, మూడేండ్ల బిడ్డను తన దగ్గర పెట్టుకుంది. యేడాదిన్నరకు డాక్టరు నయమైందన్నడు, ఇంక ఎవలికి అంటదని కాగితం రాసిచ్చిండు. ఆ కాగితం కంపౌండరు చేతికిచ్చి ఇంటికి పంపిన. అత్త దాన్ని మడత గూడ ఇప్పకుండ తిరిగి పంపింది. "కాగితం సంగతి నాకు తెల్వదు. పోగు అతికే చేతులున్నయా అడుగు. లేకుంటె ఈడ ఆమెకు ఏం పని?" అన్నదంట.

అది సాకే. ఆమెకు బుగులు, భయం, రోగమంటె, గల్లీ నోళ్ళంటె. కాని నా బిడ్డ ఆ సాకు అవతల ఉండె. 

ఇగ పొడుగక్క తీరు చెప్త. మా వార్డు ఎన్కట గింజల గోదామంట, దర్వాజ పొట్టిది. ఆమె పొద్దుగాల్నే ధనధన వచ్చేది, నొసలు దూలానికి టంగుమని తగిలేది. రోజు. ఒక్కనాడు తప్పలే. బాలయ్య తాత అని ఒక ముసలాయనుండె, రెండు చేతులకు వేళ్ళు లేవు. రెండు అరచేతుల నడుమ బొగ్గుముక్క పట్టుకొని, దెబ్బ తగిలినప్పుడల్ల గోడ మీద గీత గీసేటోడు. గోడ నిండింది, పక్క గోడ మొదలువెట్టిండు. "ఓ పొడుగక్కా, కండ్లు యాడ పెట్టి వస్తవే? దూలం అరిగిపోయి మా మీద కప్పు కూలుతది!" అని తిట్టేటోడు. చివరికి ఆమె ఒక ఉపాయం చేసింది. దర్వాజ కాడికి రాంగనే ఆగి, రెండు చేతులు జోడిచ్చి దండం పెట్టేది. దండం పెడితే నడుము వంగుతది గదా. కొత్తగ వచ్చిన రోగులు, అబ్బ ఎంత భక్తి అనుకునేటోళ్ళు. దండం పెట్టి, వంగి, సగం లోపలికొచ్చి, సంతోషంతోని నిటారుగ లేసేది. అప్పుడు నడినెత్తి దూలానికి తగిలేది.

లోపలికొచ్చినంక ఆమెది ఒక్కటే మాట. "కాళ్ళు చూపియ్."

మా రోగంల కాళ్ళకు సోయి ఉండదు. ముల్లు దిగితె తెల్వదు, మేకు దిగితె తెల్వదు, పుండై పురుగులు పట్టినంక తెలుస్తది. అందుకని పొద్దున లేస్తెనే పాదాలు చూసుకోవాలె. ఆమె తెలుగుల మొదలు నేర్చిన మాట అదే, ఆ మాట మీద ఆమెకు మస్తు ప్రేమ. తపాలాయన ఉత్తరం తెస్తె, "కాళ్ళు చూపియ్." పాలాయన వస్తె, "కాళ్ళు చూపియ్." హైదరాబాదు నుంచి పెద్ద సారు ఒకాయన జీపుల దిగి మెట్లెక్కుతుంటె ఎదురుంగ నిలవడి అదే మాట. ఆయన బూట్లిప్పి చూపిచ్చిండు. మడమకు పగుళ్ళున్నయి, నూనె రాసింది. తర్వాత ఆయన వచ్చిన పని మరిచిపోయి బూట్లు చేతుల పట్టుకొని తిరిగిండు.

మమ్ములందరిని వరుసగ కూసోబెట్టి పాదాలు తొట్టెల నీళ్ళల్ల నానబెట్టిచ్చేది. తాను చిన్న పీట మీద కూసునేది, మోకాళ్ళు చెవులకు తాకేవి, అచ్చం మిడత. ఆమె గూడ తన కాళ్ళు మాతోపాటు ఒక తొట్టెల పెట్టేది. "నీకేం రోగమే, నువ్వెందుకు నానబెడ్తవు?" అని తాత అడిగితె, "ఒక్కదాన్ని నేను ఎందుకు పొడిగ ఉండాలె?" అనె. నానబెట్టి పాట ఎత్తుకునేది. ఆ పాట గురించి నేను చెప్ప. చనిపోయిన మనిషి. వార్డు వెనకాల కుక్కలు లేసి పోయేవి.

ఒకనాడు నా చెయ్యికి నూనె రాస్తుంటె అడిగిన. "అక్కా, మీ దేశంల రోగులు లేరా? ఈడికి ఎందుకొచ్చినవ్?"

ఆమె చానసేపు మాటలు ఏరుకుంది. "ఉన్నరు. అక్కడ దవాఖానల అందరు మంచిగ మాట్లాడ్తరు. థాంక్యూ అంటరు. తలుపు ఏసుకుంటరు. నేను ఇంటికి పోత, నేను గూడ తలుపు ఏసుకుంట. ఇక్కడ పొద్దున లేస్తె తాత తిడ్తడు. నువ్వు తిడ్తవు. వంటామె తిడ్తది. నన్ను ఇంతమంది ఎప్పుడు తిట్టలే. మస్తు ఉంది."

నిజమే, తిట్టేటోళ్ళమే. రొట్టె చేస్త అని జొన్నపిండి అంత నేలపాలు చేస్తె తిట్టినం. ఆమె చేసిన రొట్టె బాలయ్య తాత దిండు కింద పెట్టుకొని, "తల ఎత్తుగ వస్తుంది, పర్వాలేదు" అన్నడు. తిడుతుంటె ఆమె మొకం చూడాలె, ఎండల నెత్తి మీద చల్లనీళ్ళు పోసినట్టు సంబరంతోని ఇంతింత అయ్యేది.

అత్త కాగితం తిప్పి పంపిందని నేను రెండ్రోజులు తిండి ముట్టలే. పొడుగక్క సంగతంత కంపౌండరును అడిగి తెలుసుకుంది. మర్నాడు వనపర్తి బజారు నుంచి నూలు కండె తెచ్చి, మంచం కోళ్ళకు ఈ దిక్కు కొన్ని పోగులు, ఆ దిక్కు కొన్ని పోగులు కట్టింది. "అతుకు" అన్నది.

అతుకుడంటె ఏందో చదివేటోళ్ళకు తెల్వదేమో, రాయి బిడ్డా. పాత పడుగు, అదే నిలువుపోగులు, అయిపోవస్తదనంగ దాని కొనలు మగ్గంల అట్లనే ఉంచుతరు. కొత్త పడుగుల నుంచి ఒక్కొక్క పోగు తీసి, పాత పోగు కొనకు ఆనిచ్చి, వేళ్ళకు బూడిద రాసుకొని మెలిపెట్టాలె. ముడి కాదు, మెలి. వేల పోగులు. అదంత మా ఇండ్లల్ల ఆడోళ్ళ పని. ఆ పని కంటితోని కాదు, వేలి కొసతోని చేస్తరు. మాట్లాడుకుంట, బిడ్డలను తిట్టుకుంట, అటెటో చూసుకుంట చేస్తరు. నా వేలి కొసకు సోయి లేదాయె. పోగు వేళ్ళ నడుమ ఉన్నదో జారిందో తెల్వకపాయె. ఒట్టి వేళ్ళను మెలిపెట్టుకుంట కూసున్న. ఏడ్చిన.

"వేలు చెప్తలేదా? కన్నును అడుగు" అన్నది పొడుగక్క. "కండ్లతోని పట్టుకో."

చెప్పుడు అల్కగ చెప్పింది. కన్ను ఆర్పితె పోగు మాయం. నాలుగు నెలలు పట్టింది. రోజు సాయంత్రం ఆమె వచ్చి నేనతికిన పోగులు ఒక్కొక్కటి గుంజి చూసేది. తెగితె, "తెగింది" అని సంబరంగ చెప్పేది. తెగకపోతె బాలయ్య తాతను పిలిచి చూపిచ్చేది. ఆయన, "పోగే గదా, పులినేమన్న కొట్టిందా?" అనేటోడు గని, గీత ఒకటి గీసేటోడు, వేరే గోడకు.

ఆఖరుకు ఒకనాడు, "రేపు గద్వాల పోదం" అన్నది. "అత్త రానియ్యదక్కా" అంటె, "తిడుతదా?" అన్నది ఆశగ.

బస్సుల నా వంకర వేళ్ళు చూసి పక్క సీటామె లేసిపోయింది, ముందు సీటాయన గూడ లేసిండు. ఇంతల పొడుగక్క వంగుకుంట ఎక్కి నా పక్కన కూసుంది. ఇగ చూడు, తెల్లమనిషిని చూడనీకి లేసిపోయినోళ్ళంత తిరిగొచ్చి నా మీద పడ్డరు. పెబ్బేరు దాటేసరికి ఒకామె తన బిడ్డను నా ఒళ్ళెనే పెట్టి పొడుగక్క జుట్టు ముట్టి చూస్తుంది. బీచుపల్లి వంతెన మీద అందరు కృష్ణల పైసలేసి మొక్కుతుంటె, పొడుగక్క మాత్రం కుంటుకుంట నడిచే కండక్టరు దిక్కే చూస్తుంది. నాకు తెలుసు ఏమంటదో. ఎర్రవల్లి చౌరస్తా వచ్చేసరికి కండక్టరు చెప్పు ఇప్పి ఆమె ఒళ్ళె కాలు పెట్టిండు, ఆమె పిన్నీసుతోని ముల్లు తీస్తుంది. డ్రైవరు వెనకకు తిరిగి, "అరె భయ్, టికెట్లు కొట్టవా?" అని మొత్తుకుంటుండు.

మా గల్లీల అడుగుపెట్టంగనే మగ్గాల సప్పుడు ఒక్కొక్కటే ఆగింది. నేను మా ఇంటి బైట గోడకు ఆనుకొని నిలవడ్డ. లోపలికి పోయే ధైర్యం లేదు. బిడ్డా, నువ్వు అత్త కొంగు వెనకాల నుంచి ఒక్క కన్నుతోని చూసినవ్, నన్ను గుర్తుపట్టలే. పొడుగక్క మా దర్వాజకు దండం పెట్టింది. వంగింది. లోపలికి పోయి లేసింది. టంగుమన్నది. నువ్వు కిలకిల నవ్వినవ్. దగ్గర దగ్గర రెండేండ్లకు నీ నవ్వు విన్న, గోడ అవతల నుంచి.

అత్త నోరు తెరవకముందే పొడుగక్క ఆమె ముంగట కూలవడి, "కాళ్ళు చూపియ్" అన్నది.

మా అత్త ఏమనుకున్నదంటె, మొక్కనీకి వచ్చిందనుకుంది! గల్లీ మొత్తం చూస్తుంది, తెల్లమనిషి కాళ్ళు మొక్కుతుంది, ఇంక ఏం కావాలె? కొంగు సవరిచ్చుకొని రెండు కాళ్ళు బైటికి చాపింది, దీవిచ్చనీకి చెయ్యి గూడ ఎత్తింది. పొడుగక్క మొక్కలే. పాదం తిప్పి అరికాలు చూసింది, మడమ పగుళ్ళు చూసింది, "నూనె తే" అన్నది. ఎత్తిన చెయ్యి అట్లనే ఉండగ మా అత్త కాళ్ళకు నూనె రాసుడు మొదలైంది. అత్త పుట్టినకాడి నుంచి అందరి కాళ్ళు తానే ఒత్తింది, తన కాళ్ళు ఎవలు ముట్టలే. తిట్టాల్నో ఊకోవాల్నో తెల్వక కండ్లు మూసుకుంది.

కండ్లు తెరిచేసరికి పొడుగక్క మగ్గం కాడ ఉంది.

ఆ రోజే కొత్త పడుగు తెచ్చి పెట్టిండు మామ. మా మామ మాట్లాడడు. రోజుకు రెండు మాటలు, అవి గూడ మగ్గంతోని. ఆయన బైట చేతులు కడుక్కుంటుండు. పొడుగక్క ఇంత బూడిద రాసుకొని అతుకుడు మొదలువెట్టింది. మంచిగనే మెలిపెట్టింది, నాతోని నాలుగు నెలలు చూసింది గదా. కాని వార్డులది ఉత్త నూలు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. ఆమె అంచు కాడ చెయ్యిపెట్టి, పట్టుపోగుకు నూలు, నూలుపోగుకు పట్టు అతుక్కుంట పోయింది. జానెడు.

అత్త చూసింది. ఆ లొల్లి నాగర్‌కర్నూలుకు వినబడి ఉంటది.

"ఓ నా తల్లో! పట్టుకు నూలు కలిపినవా? నీ పొడుగు పాడుగాను! మూడంతస్తులు పెరిగినవ్ గని పట్టేదో నూలేదో తెల్వదా? మీ అవ్వ నీకేం నేర్పింది, సముద్రాలు దాటుడా? నీ చేతులు పడిపో..." అని గోడకాడ నా చేతుల దిక్కు చూసి, ఆ మాట మింగింది. మింగినంక కోపం ఇంక ఎక్కువైంది, అది నా మీదికి తిరిగింది. "ఏం చూస్తున్నవే దిష్టిబొమ్మ లెక్క నిలవడి? రా, కూసో! ఇవన్ని తెంపి సక్కగ అతుకు! నీకన్న తెలుసు గదా ఏది ఏందో!"

నేను దర్వాజ ఎట్ల దాటిన్నో తెల్వదు. కూసున్న. "బూడిద!" అని అత్త అరిచింది. బూడిద గిన్నె నువ్వే తెచ్చినవ్ బిడ్డా. నా పక్కన పెట్టి ఆడనే నిలవడ్డవ్. నేను నీ దిక్కు చూడలే. చూస్తె పోగు పోతది. కన్ను ఆర్పలే. నీళ్ళొస్తుంటె గూడ ఆర్పలే.

ముప్పై, నలభై పోగులు అతికినంక అత్తకు సోయి వచ్చింది, ఎవలిని కూసోబెట్టిందో. గల్లీ ఆడోళ్ళు దర్వాజల నిండ ఉన్నరు. అత్త దగ్గరకు వచ్చి ఒక పోగు గుంజింది. తెగలే. ఇంకోటి గుంజింది. తెగలే. "సాలు, ఇంక లేయి, మిగిలింది నేను చేస్త" అన్నది మెల్లగ.

అప్పుడు మా మామ ఆ రోజు మొదటి మాట మాట్లాడిండు. "అతుకు మీద చెయ్యి మారొద్దు."

అది మా అత్త పెట్టిన కట్టడే. ఒక్కొక్కరి మెలి ఒక్కొక్క తీరుంటది, సగం ఒకరు సగం ఒకరు చేస్తె పడుగు ఒక్కతీరుగ గుంజదు. నేను కోడలుగ వచ్చిన కొత్తల నన్ను రెండు రోజులు మగ్గం కాడ నుంచి లేవనియ్యలే ఆ మాట చెప్పి. ఇప్పుడు ఏం చేస్తది? పొడుగక్కను ఇంకో నాలుగు తిట్టింది. పొడుగక్క గోడకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని, పెండ్లి చూస్తున్నట్టు చూస్తుంది.

అతుకుడు రెండ్రోజులు పట్టింది. తర్వాత కండెలు చుట్టనీకి మనిషి లేదన్నరు. తర్వాత ఎవలేమనలే. నేను ఉన్న.

కావాల్ననే పొడుగక్క పట్టుకు నూలు అతికిందని నా బిడ్డ అంటది. నేనొప్పుకోను. రోజు తగిలే దూలాన్ని రోజు మరిచే మనిషికి అంత తెలివి యాడిది?

ఆమె అతికిన పోగులల్ల ఒకటి మా కంట పడకుండ ఉండిపోయింది. మొదటి చీర దిగినంక, ఎర్రపట్టు అంచుల తెల్ల నూలు గీత, ఈ కొస నుంచి ఆ కొసకు. మామ మగ్గం మీద ఆ పోగును తెంపి తర్వాతి చీరలకు సరిచేసిండు గని, ఆ మొదటి చీరను సావుకారి తీసుకోలే. పొడుగక్క దేశం పోతున్న అని చెప్పనీకి వచ్చిననాడు అత్త దాన్ని ఆమె ఒళ్ళెకు ఇసిరింది. "నీ తప్పే, నువ్వే కట్టుకో." కట్టుకుంది. పిక్కల కాడికే వచ్చింది. అట్లనే బస్సెక్కింది.

కంపౌండరు కవర్ల ఫోటో ఒకటి ఉండె. తమ్ముడు పంపిచ్చిండంట. అద్దాల కిటికీ, బైట అంత తెల్లగ మంచు. కుర్చీల పొడుగక్క, జుట్టు నెరిసి, బక్కగ, కుర్చీల గూడ పొడుగ్గనే ఉంది. కాళ్ళ మీద దుప్పటి కప్పిన్రు. కిటికీకి మా చీర, పరదా లెక్క ఏలాడుతుంది. అంచుల తెల్లగీత కండ్లు పెట్టి ఎతికిన, కనబడ్డది.

మా అత్తకు ఇప్పుడు సగం చూపే. ఫోటో ముక్కుకు ఆనిచ్చుకొని చూసింది. "గద్వాల చీరను కిటికీకి కడ్తదా! సోయి లేనిది! కట్టుకునేదేదో కట్టేదేదో తెల్వదా దీనికి?" అని మొదలువెట్టి, రొట్టె సంగతి, దూలం సంగతి, పట్టు నూలు సంగతి అన్ని తీసి పొద్దుమూకేదాక తిట్టింది. చెప్పకుండ పోయిందని తిట్టింది. నా బిడ్డ, "ఇవన్ని రాయాల్నా అమ్మా?" అని అడిగింది. రాయి. ఒక్కటి గూడ కొట్టెయ్యకు. ఆమెకు మంచిమాటలు ఆ దేశంల చానమంది చెప్పి ఉంటరు.

తిట్టి తిట్టి అత్త ఊకున్నది. అయిపోయింది అనుకున్నం. ఫోటో మల్ల ముక్కుకు ఆనిచ్చుకుంది, దుప్పటి మీద వేలు పెట్టింది.

"కాళ్ళు కప్పిన్రు" అన్నది. "లోకంల అందరి కాళ్ళు చూసింది. దీని కాళ్ళు ఎవలన్న చూసిన్రా? నూనె రాసిన్రా? ఆ తమ్ముడిని అడుగు."

ఉత్తరంల తిట్లు తర్వాత రాద్దువు బిడ్డా. ముందుగాల ఇది అడుగు.